వరసలు మనవి, లెక్కలు జన్యువులవి

పొన్నూరు సాక్షి భావనారాయణ స్వామి గుడికి వెళ్లినవాళ్ల చెవిన అక్కడి స్థలపురాణం పడకుండా ఉండదు. కాశీయాత్రలో తోడుండి సేవ చేసిన మేనల్లుడికి పిల్లనిస్తానని మేనమామ మాటిచ్చాడు. ఊరు చేరాక మాట మార్చాడు. సాక్షి ఎవరని పెద్దలు నిలదీస్తే, కాశీలో ఆ మాట విన్న స్వామి స్వయంగా తరలివచ్చి సాక్ష్యం చెప్పాడట. అందుకే ఆ పేరు. మేనల్లుడికి పిల్లనివ్వడం తగునా, తగదా అన్న ప్రశ్న ఈ కథలో ఎక్కడా రాదు. అది అతని హక్కు. తగాదా అంతా మాట తప్పడం మీదే. నిన్నమొన్నటి దాకా మన పల్లెల్లోనూ అంతే. అన్నకు కూతురు పుట్టిందని తెలిస్తే చాలు, పురిటి మంచం దగ్గరే "ఇది మా ఇంటి కోడలు" అనేది మేనత్త.

ప్రేమకూ పెళ్లికీ కుటుంబానికీ జన్యువులతో ఉన్న ముడి గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు.

ఇప్పటి సాక్షి హైదరాబాదులో

మన దేశంలో డీఎన్ఏ పరీక్ష ఆధారంగా బిడ్డకు తండ్రెవరో తేల్చిన తొలి కేసు కేరళలోని తలశ్శేరి కోర్టులో నడిచింది. కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పినది హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త లాల్జీ సింగ్. ఆ తర్వాత ఇలాంటి పరీక్షల కోసమే హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే సంస్థ వెలిసింది. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఎన్.డి. తివారీ తన తండ్రి అని రోహిత్ శేఖర్ వేసిన దావాలో రక్త నమూనాలు చేరింది అక్కడికే. 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు ఫలితం బయటపెట్టింది. రోహిత్ చెప్పిందే నిజమని తేలింది. 2014లో తివారీ రోహిత్ తల్లిని పెళ్లి చేసుకున్నారు. ఒక కొడుకు ఏళ్ల తరబడి అడిగిన మాటకు జవాబు ఒక రక్తపు చుక్కలో దొరికింది.

ఎవరికి ఎవరు ఎంత?

తల్లికీ బిడ్డకూ జన్యువుల్లో సరిగ్గా సగం ఉమ్మడి. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ కూడా సగమే, కాని అది సగటు మాత్రమే. 2006లో 4,401 జంటల తోబుట్టువులను పరీక్షిస్తే, కొందరిలో ఆ వాటా 37 శాతం దాకా తగ్గింది, కొందరిలో 62 శాతం దాకా పెరిగింది. ఒకే కడుపున పుట్టినా ఇద్దరిలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఎందుకుంటుందో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

ఇక మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. మేనబావకూ మరదలికీ ఎనిమిదో వంతు. (మనుషులందరి జన్యువులూ చాలామటుకు ఒకటే. ఇక్కడ చెప్పేది దగ్గరి పూర్వీకుల నుంచి నేరుగా దిగివచ్చిన వాటా సంగతి.) కుటుంబంలో తాతముత్తాతల నాటి నుంచీ మేనరికాలే నడుస్తుంటే ఈ వాటా ఇంకా పెరుగుతుంది. కాగితం మీద ఎనిమిదో వంతని రాసుకున్నది ఒంట్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ

ఈ లెక్కలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇది. పెదనాన్న కూతురితోనూ మేనమామ కూతురితోనూ మనకున్న రక్తబంధం సరిసమానం. రెండు చోట్లా ఎనిమిదో వంతే. అయినా ఒకరు అక్క, ఒకరు మరదలు. ఒకరితో పెళ్లి అన్న తలపే పాపం, ఇంకొకరితో అయితే ముచ్చట. అక్క కూతుర్ని చేసుకోవచ్చు, చెల్లెలి కూతురు మాత్రం కూతురితో సమానం అనే ఇళ్లు చాలా ఉన్నాయి. జన్యువుల దగ్గర అక్కా చెల్లీ అన్న భేదం లేదు.

గోత్రం సంగతీ అంతే. పది తరాల కిందట విడిపోయిన సగోత్రీకుల మధ్య రక్తపు వాటా లేనట్టే లెక్క. అయినా వాళ్ల మధ్య పెళ్లికి ఒప్పుకోం. గోత్రం వేరు కాబట్టి అక్క కూతురితో పెళ్లికి అడ్డు చెప్పం. అక్కడ ఉన్నది నాలుగో వంతు. గోత్రం తండ్రి వైపు నుంచే నడుస్తుంది, తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోము లాగే. అమ్మ వైపు నుంచి వచ్చిన సగం ఆ లెక్కలోకే రాదు. మన పెద్దలకు బుద్ధి లేక కాదు. పొలం ముక్కలు కాకుండా, ఆడపిల్ల పరాయి ఇంట్లో బిక్కుబిక్కుమనకుండా, కట్నం భారం కాకుండా వాళ్లు కట్టుకున్న ఏర్పాటు మేనరికం. అత్తగారు మేనత్తే అయితే కోడలికి కొంత ధైర్యం. ఆ మేలు నిజమైనదే.

కలిసి పెరిగితే

చిన్నప్పటి నుంచి ఒకే ఇంట్లో పెరిగినవాళ్ల మధ్య పెద్దయ్యాక ఆకర్షణ పుట్టదని ఫిన్లండ్ పండితుడు వెస్టర్‌మార్క్ 1891లోనే రాశాడు. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి వ్యవసాయ స్థావరాల్లో ఒకే గుంపుగా పెరిగిన పిల్లలు ఒకరినొకరు పెళ్లాడటం చాలా అరుదు. తైవాన్‌లో పసిపిల్లను కోడలిగా తెచ్చి కొడుకుతోపాటే పెంచి పెళ్లి చేసే ఆచారం ఉండేది. ఆ కాపురాల్లో విడాకులు ఎక్కువగానూ సంతానం తక్కువగానూ ఉన్నాయని ఆర్థర్ వుల్ఫ్ చూపించాడు.

మన బావామరదళ్ల సంగతి ఇందుకు వ్యతిరేకం. మేనమామ ఊరు వేరు. వేసవి సెలవులకో సంక్రాంతికో కలుసుకోవడం, మళ్లీ ఏడాది దాకా ఎదురుచూడటం. చిన్నాన్న పిల్లలు మాత్రం ఒకే వాకిట్లో, ఒకే పంక్తిలో పెరుగుతారు. మేనరికంలో ప్రేమ చిగురించడానికి ఈ దూరం కూడా ఒక కారణమని నా నమ్మకం.

చట్టం ఏమంటుంది?

1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ–మేనకోడలి పెళ్లినీ, అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లినీ నిషిద్ధ సంబంధాల్లోనే చేర్చింది. ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మన మేనరికాలు ఆ మినహాయింపు కిందే చెల్లుతున్నాయి.

నూటికి ఎన్ని?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద రక్తసంబంధీకుల పెళ్లిళ్లు నూటికి 11 దాకా ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు. తమిళనాడు, కర్ణాటకలు కూడా మన వరసలోనే ఉన్నాయి. కేరళలో మాత్రం బాగా తక్కువ.

ప్రమాదం ఎంత అన్న దగ్గర జనం రెండు అతిశయోక్తుల మధ్య ఊగుతుంటారు. మేనరికం చేసుకుంటే పిల్లలు అవకరంతోనే పుడతారని కొందరు, మా తాతలంతా చేసుకున్నారు ఏమైందని కొందరు. నిజం ఇలా ఉంది. ఏ దంపతులకైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక తీవ్రమైన లోపంతో పుట్టే అవకాశం ఉంటుంది. బావామరదళ్ల పిల్లల్లో అది సుమారు రెట్టింపు. మేనమామ–మేనకోడలి పిల్లల్లో ఇంకా ఎక్కువ. అంటే మేనరికపు బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. కాని ఒక మండలంలో వందల పెళ్లిళ్లు అలాగే జరుగుతుంటే, ఆ రెట్టింపు ఎన్ని ఇళ్లలో కన్నీరవుతుందో ఆలోచించండి.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ప్రతి మనిషిలోనూ దెబ్బతిన్న జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. జతలో రెండోది బాగున్నంతకాలం అవి బయటపడవు. ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం అటు నుంచీ ఇటు నుంచీ బిడ్డకు చేరితే అప్పుడు బయటపడుతుంది. పుట్టుచెవుడు, తలసీమియా లాంటి ఎన్నో జబ్బుల తీరు ఇదే.

కాకినాడకు చేరిన హాల్డేన్

జన్యుశాస్త్రాన్ని లెక్కల శాస్త్రంగా నిలబెట్టిన మహామహుల్లో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశాడు. 1961లో భారత పౌరుడయ్యాడు. ఒక్క తమ్ముడి కోసం ప్రాణమివ్వను గాని ఇద్దరు తమ్ముళ్ల కోసమైనా, ఎనిమిది మంది మేనబావల కోసమైనా ఇస్తానని ఆయన అన్నాడని చెప్పుకుంటారు. సగం, ఎనిమిదో వంతు లెక్క గుర్తుందిగా. ఆప్తుల కోసం త్యాగం ప్రకృతిలో ఎలా నిలిచిందన్న ప్రశ్నకు 1964లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త కట్టిన సిద్ధాంతానికి మూలసూత్రం అదే.

పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడు. తండ్రి నుంచి కొడుక్కి చెవి మీద వెంట్రుకలు దిగివచ్చే తీరును మన కుటుంబాల్లో గమనించి 1960లో ప్రకటించాడు. ఆ లక్షణం వై క్రోమోజోము మీదే ఉందన్న మాటను 2004లో వచ్చిన పరిశోధన కాదంది. పి. మీరాఖాన్‌తో కలిసి ద్రోణంరాజు 1963లో ప్రచురించిన మరో అధ్యయనం మాత్రం మనకు మరింత దగ్గరిది. ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధీకుల పెళ్లిళ్లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అన్నది దాని విషయం. మేనరికాన్ని తెలుగువాళ్లే లెక్కగట్టి చూసిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇమ్మని రాసి పోయాడు. అది చేరినది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు.

మత్తు డాక్టరు అడిగే ప్రశ్న

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు "మీరేమిట్లు?" అని కులం అడిగితే నొచ్చుకోకండి. కండరాలను కొద్ది నిమిషాలు సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. దాన్ని విరగ్గొట్టే ఎంజైము కొందరిలో ఉండదు. వాళ్లకు ఆ సడలింపు గంటల తరబడి సాగుతుంది, ఊపిరి యంత్రం మీదే అందించాలి. ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరులకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది.

సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ కలిసి 2009లో ప్రకటించిన పరిశోధన దీనికి కారణం చెప్పింది. సుమారు వంద తరాల కిందట ఒక చిన్న గుంపుగా మొదలై, అప్పటి నుంచి బయటివాళ్లతో పెళ్లిళ్లు కలుపుకోకుండా ఉండిపోవడమే అందుకు కారణం. ఇది ఒక్కరి కథ కాదు. 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఇలాంటి ముద్ర ఫిన్లండ్ వాసుల్లో, యూరప్ యూదుల్లో ఉన్నదానికంటే బలంగా ఉన్నట్టు తేలింది. మేము మేనరికం చేసుకోలేదు, బయటి సంబంధమే చేశాం అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. కులంలోనే బయటి సంబంధం అనుకున్నది, వెనక్కి తవ్వుకుంటూ పోతే దూరపు మేనరికమే.

పత్తి రైతుకు తెలిసిన జన్యుశాస్త్రం

ప్రపంచంలో తొలి వాణిజ్య సంకర పత్తి హెచ్-4. గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ 1970లో దాన్ని తెచ్చారు. పెదనందిపాడు, ప్రత్తిపాడు నల్లరేగళ్లలో పత్తి వేసే రైతునడగండి. ఈ ఏటి సంకర పత్తి గింజ దాచి మళ్లీ వేస్తే పైరు ఒక్క తీరుగా రాదని, దిగుబడి పడిపోతుందని చెబుతాడు. వేరువేరు వంశాలను కలిపితే వచ్చే జవసత్వాలు, దగ్గరి వంశాల్లోనే కలుపుతూ పోతే వచ్చే నీరసం అతనికి చేతిలో పని. ఒంగోలు ఆంబోతును దాని సంతతికే కట్టకూడదన్న జాగ్రత్తా పాత రైతులకు ఉండేది. చేలో, దొడ్లో పాటించిన తెలివి పెళ్లిపందిట్లోకి ఎందుకు రాలేదో అన్న విచారం నాకుంది. అయితే మనిషి పంట కాదు. దూరపు సంబంధం చేసుకున్నంత మాత్రాన మేలుజాతి పిల్లలు పుడతారనుకోవడం తప్పు. తగ్గేది ఒక రకం ముప్పు మాత్రమే.

చొక్కా వాసన

1995లో స్విట్జర్లండ్‌లోని బెర్న్‌లో క్లాస్ వెడెకిండ్ ఒక వింత పరీక్ష పెట్టాడు. 44 మంది కుర్రాళ్లు రెండు రాత్రులు తొడుక్కున్న నూలు టీషర్టులను 49 మంది అమ్మాయిలతో వాసన చూపించాడు. రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్ఎల్ఏ జన్యువులు తమకంటే భిన్నంగా ఉన్నవాళ్ల వాసనే వాళ్లకు ఎక్కువ నచ్చింది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇది తలకిందులైంది. తర్వాత చేసిన పరీక్షల్లో ఫలితాలు అన్నిసార్లూ ఒకేలా రాలేదు. అందుచేత ప్రేమ ముక్కుతోనే పుడుతుందని తీర్మానించేయకూడదు.

అవే హెచ్ఎల్ఏ జన్యువులు ఇంకోచోట ప్రాణం నిలబెడతాయి. ఎముక మజ్జ మార్పిడి అవసరమైతే ముందు చూసేది తోబుట్టువులనే. ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఆస్తి తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి.

ఏకపత్నీవ్రత ఎలుకలు

అమెరికా మైదానాల్లో ప్రెయిరీ వోల్ అనే ఎలుక ఉంటుంది. ఒకసారి జతకడితే చాలామటుకు ఆ జతతోనే ఉంటుంది. దాని దాయాది మెడో వోల్‌కు ఆ కట్టుబాటు లేదు. 2004లో ల్యారీ యంగ్ బృందం ప్రెయిరీ వోల్ నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను గ్రాహకపు జన్యువును మెడో వోల్ మగవాటి మెదడులోకి ఎక్కిస్తే అవీ తమ జతను అంటిపెట్టుకున్నాయి. 2008లో స్వీడన్‌లో అదే జన్యువులో ఒక రకం ఉన్న మగవాళ్లకు దాంపత్యంలో ఇబ్బందులు కాస్త ఎక్కువని తేలగానే పత్రికలు దానికి విశ్వాసపు జన్యువని పేరు పెట్టేశాయి. తొందరపడ్డాయి. 2023లో, ప్రేమ హార్మోను అని పిలిచే ఆక్సిటోసిన్ గ్రాహకాన్నే పూర్తిగా తొలగించిన వోల్ ఎలుకలు కూడా చక్కగా జతకట్టాయి. ఒక్క జన్యువు మీద వేసిన మేడ ఏదీ ఎక్కువకాలం నిలవలేదు.

కవలలకు నచ్చేది ఒకరేనా?

మినెసోటా విశ్వవిద్యాలయంలో లికెన్, టెలెగెన్ ఈ ప్రశ్న వేశారు. అచ్చుగుద్దినట్టుండే కవలలు చదువులో, అభిరుచుల్లో, మనస్తత్వంలో ఎంతో కలుస్తారు. మరి వాళ్లు చేసుకున్నవాళ్లు? 1993లో వచ్చిన జవాబు: ఆ ఇద్దరు జీవిత భాగస్వాముల మధ్య చెప్పుకోదగ్గ పోలిక లేదు. పైగా తన కవల ఎంచుకున్న మనిషి మీద తనకు ప్రత్యేకంగా మోజేమీ లేదని చాలామంది చెప్పారు. మనిషిని ఇంతగా మలిచే జన్యువులు, ఎవరిని ప్రేమించాలన్న చోట మాత్రం చేతులెత్తేశాయి. ఈ వ్యాసం కోసం చదివినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

నాయనమ్మ, మనవరాలు

తండ్రికి ఉన్న ఒకే ఒక ఎక్స్ క్రోమోజోము ఆయన తల్లి ఇచ్చినది. ఆయన దాన్ని కూతురికి తప్పకుండా ఇస్తాడు, కొడుక్కి ఇవ్వడు. అంటే నాయనమ్మ ఎక్స్ ప్రతి మనవరాలికీ చేరుతుంది, మనవడికి చేరదు. వంశం నిలిపేది మనవడే అనే నాయనమ్మలకు ఈ మాట ఎవరైనా చెప్పాలి.

అమ్మ ఒంట్లో బిడ్డ

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి చేరతాయి. కాన్పు తర్వాత కూడా పోవు. కొడుకును కన్న 27 ఏళ్ల తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో ఆ మగకణాలు దొరికాయని డయానా బియాంకి 1996లో ప్రకటించింది.

ఆడపిల్ల పుడితే తప్పెవరిది?

ఎవరిదీ కాదు. ఆడా మగా తేల్చేది తండ్రి కణంలోని ఎక్స్ లేదా వై అని నెట్టీ స్టీవెన్స్ 1905లోనే చూపించింది. నూరేళ్లు దాటాయి. ఇంకా మనలో కొందరు కోడలినే సాధిస్తున్నారు, రెండో పెళ్లి మాట ఎత్తుతున్నారు. దీన్ని తెలియనితనం అని సరిపెట్టుకోవడానికి ఇక వీల్లేదు. పదో తరగతి పుస్తకంలో ఉన్న పాఠం ఇది.

పెంపకం జన్యువును తాకుతుంది

కెనడాలోని మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం ఎలుక తల్లులను గమనించింది. కొన్ని తల్లులు పిల్లలను ఎడతెగకుండా నాకుతాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక బెదురు లేకుండా పెరిగాయి. పట్టించుకోని తల్లి పిల్లలను నాకే తల్లి దగ్గర వదిలితే అవీ అలాగే అయ్యాయి. 2004లో తేలిందేమిటంటే, ఆ ఆలనతో ఒత్తిడిని అదుపుచేసే ఒక జన్యువు పనితీరే మారింది. పురుటింట్లో అమ్మమ్మ కాళ్లు చాపుకుని, పసిబిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె పట్టించి ఒళ్లంతా సాగదీసే అరగంటలో ఏముందో ఎవరూ తక్కువ చేసి చూడవద్దు. ఎలుకల్లో తేలినదంతా మనుషులకు అన్వయించలేం, నిజమే. దత్తత పిల్లలను "రక్తం వేరు కదా" అని వేరు చేసి చూసేవాళ్లకు మాత్రం ఇది చెప్పితీరాలి.

న్యూయార్క్ రబ్బీ చేసిన పని

జోసెఫ్ ఎక్‌స్టీన్ అనే యూదు గురువు నలుగురు బిడ్డలను టే-సాక్స్ అనే వంశపారంపర్య జబ్బుకు పోగొట్టుకున్నాడు. 1983లో ఆయన దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. పెళ్లీడు పిల్లల రక్తం తీసి పరీక్షిస్తారు. ఫలితం చెప్పరు, ఒక నంబరు ఇస్తారు. సంబంధం చూసేటప్పుడు ఇద్దరి నంబర్లూ చెబితే, ఇద్దరిలోనూ ఒకే లోపం ఉందా లేదా అన్నది మాత్రం తేల్చి చెబుతారు. ఎవరి మీదా మచ్చ పడదు, ఎవరి పరువూ పోదు. సైప్రస్‌లో పెళ్లికి ముందే తలసీమియా పరీక్ష ఆనవాయితీ అయ్యాక ఆ జబ్బుతో పుట్టే బిడ్డలు దాదాపు లేకుండా పోయారు. హైదరాబాదులో 1998 నుంచి తలసీమియా బాధితుల కోసం ఒక సొసైటీ పనిచేస్తోంది. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవలసిన పసివాళ్ల తల్లిదండ్రులతో కాసేపు మాట్లాడితే, ముందు జాగ్రత్త విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ నాలుగు మాటలు. మేనరికం అనుకుంటున్న ఇళ్లలో ముహూర్తం కంటే ముందు రెండు వైపులా మూడు తరాల్లో చెవుడు, రక్తపు జబ్బులు, కారణం తెలియకుండా పోయిన పసిబిడ్డలు ఉన్నారేమో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని జన్యు సలహా ఇచ్చే డాక్టరు దగ్గరకు వెళ్లండి. మేనరికమైనా కాకపోయినా తలసీమియాకు హెచ్‌బీఏ2 పరీక్ష ఇద్దరూ చేయించుకోండి. మీ బంధువుల్లో ఎవరికైనా మత్తుమందు పడక ఇబ్బంది అయివుంటే ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి. ఇప్పటికే మేనరికం చేసుకున్నవాళ్లు బెంగపడవద్దు, ఎవరూ వాళ్లను ఎత్తిపొడవవద్దు. బిడ్డ పుట్టగానే వినికిడి పరీక్ష చేయించండి. లోపం తొలి నెలల్లోనే తెలిస్తే మాట నేర్పే దారులు ఈ రోజు ఉన్నాయి.